బ్రేకు నొక్కితే ఇండికేటర్ వెలిగిన అంబాసిడర్: నా అనుభవం

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి, గుంటూరు బ్రాడీపేటలో బంధువుల ఇంట ఓణీల వేడుకకు వెళ్లి, నేనూ నా భార్యా మా అమ్మాయీ మా పాత అంబాసిడర్‌లో విజయవాడ తిరిగి వస్తున్నాము. మంగళగిరి, తాడేపల్లి దాటి కనకదుర్గ వారధి ఎక్కాక ముందు పోతున్న లారీలు నెమ్మదించడంతో నేను బ్రేకు మీద కాలు వేశాను. ఆ వెంటనే వెనక ఒక ఆటో కీచుమని ఆగిన చప్పుడు వినిపించింది. వారధి దిగిన తరువాత ఆ ఆటో డ్రైవరు మా పక్కకు వచ్చి బండి ఆపమని చెయ్యి ఊపాడు. తిడతాడేమో అనుకున్నాను గాని అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. "సార్, మీ బండికి బ్రేకు లైటు వెలగట్లేదండీ. ఎడమ పక్క ఇండికేటర్ మాత్రం మసగ్గా వెలిగింది. మీరు ఎడమకి తీస్తున్నారేమో అనుకుని కుడి పక్క నుంచి రాబోయానండీ" అన్నాడు. అతని వెనక సీటులో ఇద్దరు పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. ఇల్లు చేరేదాకా ఆ పిల్లలే నా కళ్ల ముందు కదిలారు. మరుసటి రోజు నుంచి ఆ దీపాల సంగతి పూర్తిగా తేలేవరకు బండిని వీధిలోకి తీయకూడదని నిశ్చయించుకున్నాను.

ఇది 1985లో మా నాన్నగారు కొన్న మార్క్ 4 అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేస్తూ వచ్చిన ఈ బండి ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. మూల నమూనా 1950ల నాటిది కనుక ఇందులోని విద్యుత్ ఏర్పాటులో కంప్యూటరూ లేదు, సెన్సార్లూ లేవు. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, బల్బు, వాటిని కలిపే వైర్లు, ఇంతే. ఒక తెల్లకాగితం మీద పెన్సిలుతో మొత్తం గీయవచ్చు. అంత సులువైన ఏర్పాటు ఉన్న బండిలో దోషం పట్టుకోవడానికి నాకు దాదాపు నాలుగు వారాలు పట్టింది.

దోషానికి మూలం మాత్రం అంతకు ఆరు నెలల ముందే పడింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినప్పుడు మా వీధిలోనూ నడుము లోతు నీళ్లు వచ్చాయి. మా గేటు లోపల వాలుగా కట్టిన ర్యాంపు మీద బండిని ఎప్పటిలాగే ముందు భాగం ఇంటివైపు ఉండేలా నిలిపి ఉంచాము. ఆ వాలు వల్ల ఇంజనూ బ్యాటరీ ఉన్న ముందు భాగం నీటికి పైన ఉండిపోగా, డిక్కీ, వెనక దీపాలు రోజుల తరబడి బురద నీటిలో నానాయి. నీళ్లు తీశాక డిక్కీ కడిగించాము, ఎండబెట్టాము, ఇంజను ఒక్క తాళంతోనే అందుకోవడంతో గండం గడిచిందని సంతోషించాము. బల్బు హోల్డర్ల వెనక, డిక్కీ పట్టా కింద మిగిలిన సన్నని ఒండ్రు గురించి ఎవరికీ తట్టలేదు. ఒండ్రు ఆరినట్లే కనిపించినా తేమను పట్టి ఉంచుతుంది. ఆ తేమలో ఇనుము, రాగి, ఇత్తడి ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉన్న చోటల్లా తుప్పూ చిలుమూ మెల్లగా పేరుకుంటాయి. అందుకే వరద పోయిన వెంటనే కాకుండా చలికాలం గడిచాక దీపాలు తేడా చూపాయి.

వారధి మీది ఘటన జరిగిన మరునాడు సాయంత్రం బండిని గోడకు వెనక్కి ఆనించి నిలిపి, నేను లోపల కూర్చున్నాను. మా అమ్మాయి ఒక పుస్తకమూ పెన్నూ తీసుకుని కాసేపు వెనక, కాసేపు ముందు నిలబడి తనకు కనిపించినది కనిపించినట్లు రాసింది. బ్రేకు మెల్లగా నొక్కితే ఏ దీపమూ లేదు. గట్టిగా నొక్కి పట్టితే ఎడమ దీపం నిప్పుకణికలా ఎర్రబారిందేగాని వెలుగు లేదు, కుడి దీపం సన్నగా వెలిగింది. అదే క్షణంలో "నాన్నా, నువ్వు ఇండికేటర్ వేశావా? ముందు ఎడమ పక్కది కూడా కొంచెం వెలుగుతోంది" అని కేకేసింది. నేను ఇండికేటర్ ముట్టుకోలేదు. పార్కింగు దీపాలు వేసినప్పుడు కుడి వెనక దీపం ఎడమదానికంటే ఎంతో ప్రకాశంగా వెలిగింది, ఆపైన బ్రేకు నొక్కితే ఎడమది ఉన్న వెలుగు కూడా తగ్గిపోయింది. ఎడమ ఇండికేటర్ వేస్తే నీరసంగా, ఎంతో ఆలస్యంగా కొట్టుకుంది. కుడిది మామూలుగానే ఉంది. ఆ పుటను నేను చింపి దాచుకున్నాను. ఎందుకంటే చివరికి తేలిన నాలుగు దోషాలకు నాలుగు ఆనవాళ్లూ మొదటి సాయంత్రమే ఆ పుటలో ఉన్నాయి, చదవడమే నాకు అప్పటికి చేతకాలేదు.

మొదట నేనూ అందరిలాగే ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు ఎడమ బ్రేకు బల్బు మార్చాడు. కుడిది వెలుగుతూనే ఉంది కనుక దాన్ని కదపలేదు. ఇండికేటర్ నీరసానికి, దాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే ఫ్లాషర్ కారణమని కొత్త ఫ్లాషర్ వేశాడు. అయినా తేడా రాకపోవడంతో నాలుగు ఇండికేటర్ బల్బులూ తీసి వాటి స్థానంలో ఎల్‌ఈడీ బల్బులు పెట్టాడు. ఆ తరువాత బ్రేకు నొక్కి చూస్తే ముందు ఇండికేటర్ మసగ్గా వెలగడం నిజంగానే ఆగిపోయింది. "చూశారా సార్, పోయింది" అన్నాడు. కాని ఇప్పుడు ఇండికేటర్లు రెండు వైపులా వెలిగి అలాగే నిలిచిపోతున్నాయి, కొట్టుకోవడం లేదు. బ్రేకు దీపం ఎప్పటిలాగే మసకే. అతను చేసినది కావాలని చేసిన మోసమని నేను అనుకోవడం లేదు. ఒక వస్తువు పనిచేయకపోతే దాన్ని మార్చి చూడడం అతనికి తెలిసిన పద్ధతి. అయితే ఆ పద్ధతిలో దోషం తీరకపోగా, దోషాన్ని పట్టించగల ఆనవాలు ఒకటి మాయమైంది. దాని సంగతి తరువాత చెబుతాను.

అక్కడి నుంచి ఆటోనగర్‌లో పాత బండ్ల వైరింగు చేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతానని తెలిసిన దగ్గర నుంచి ఆయన నన్ను మాస్టారూ అనే పిలుస్తాడు. మా అమ్మాయి రాసిన పుట చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, "బల్బులు కొనకండి మాస్టారూ. కరెంటు వచ్చే దారి అందరూ చూస్తారు, పోయే దారి ఎవరూ చూడరు. మీది వెళ్లే దారి మూసుకుపోయింది" అన్నాడు. చేస్తానంటే చేసిపెట్టేవాడే, కాని నేనే చేసుకోవాలని ఉందని చెబితే ఆయన నొచ్చుకోలేదు. పాత హోల్డరు ఒకటి తీసి, దానిలో 21 వాట్ల బల్బు పెట్టి, రెండు పొడుగాటి వైర్లు అతికించి, చివరలకు క్లిప్పులు తగిలించి ఇచ్చాడు. "మీ మీటరుతో పాటు ఇది కూడా పెట్టుకోండి. మీటరు ఒక్కదాన్నే నమ్మకండి" అన్నాడు.

ఆ మాట విలువ నాకు ఇంటికి వచ్చాక తెలిసింది. మల్టీమీటరు వోల్టేజీ కొలిచేటప్పుడు అది లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అందుచేత చిలుము పట్టి సరిగా ఆనని అతుకు ఉన్న వైరు చివర కూడా అది 12 వోల్టులే చూపిస్తుంది, మనం వైరు బాగుందనుకుంటాము. 21 వాట్ల బల్బు వెలగాలంటే సుమారు 1.75 ఆంపియర్ల కరెంటు కావాలి, చిలుము పట్టిన ఆ అతుకు అంత మోయలేదు. కనుక బల్బు వెలుగుతుండగా, అంటే బరువు మోస్తుండగా కొలిచిన వోల్టేజీకే విలువ ఉంది. నేను అంతకుముందు రెండు సాయంత్రాలు బల్బులు ఊడదీసి, ఖాళీ హోల్డర్లలో మీటరు పెట్టి, అన్నిచోట్లా 12 చూసి అయోమయంలో పడ్డది ఇందువల్లనే.

కాగితం మీద రెండు దారులూ గీసుకున్నాను. మా బండి వైర్లకు లూకాస్ అనే బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ వారి పాత రంగుల పద్ధతే ఉంది. తాళం తిప్పాక ఫ్యూజు నుంచి వచ్చే వైరు ఆకుపచ్చ, బ్రేకు దీపానికి వెళ్లేది ఆకుపచ్చ మీద ఊదా చార, ఎడమ ఇండికేటర్‌కు ఆకుపచ్చ మీద ఎరుపు చార, కుడిదానికి ఆకుపచ్చ మీద తెలుపు చార, పార్కింగు దీపాలకు ఎరుపు, కరెంటు తిరిగి వెళ్లే దారి అయిన ఎర్తుకు నలుపు. నలభై ఏళ్ల మురికి కింద ఊదా ఏదో నలుపు ఏదో తెలియలేదు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే రంగులు బయటపడ్డాయి. ఈ బండిలో బ్రేకు దీపాలకూ ఇండికేటర్లకూ ఒకే ఫ్యూజు నుంచి కరెంటు వస్తుంది, అదీ తాళం తిప్పినప్పుడే వస్తుంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెట్టాను. గాజు ఫ్యూజు మీద ఎవరో ఎప్పుడో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంచారు. అది చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఎక్కడైనా వైరు బాడీకి తగిలితే ఆ కాగితం కాలిపోదు, వైరే కాలుతుంది, దానితో పాటు బండీ కాలుతుంది. ఫ్యూజు తీసేసి దాన్ని పట్టుకునే ఇత్తడి రెక్కలను ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, కొద్దిగా లోపలికి వంచి, సరైన కొత్త ఫ్యూజు బిగించాను. అంతకుముందు బ్రేకు దీపాలు వెలుగుతుండగా ఫ్యూజు ఒక పక్క 12.3 వోల్టులు, రెండో పక్క 11.4 ఉండేవి. దాదాపు వోల్టు అక్కడే ఆవిరయ్యేది. శుభ్రం చేశాక ఆ తేడా 0.1కి దిగింది.

తరువాత బ్రేకు స్విచ్చి. కొత్త కార్లలో పెడల్‌కు ఆనుకుని చిన్న బటను వంటి స్విచ్చి ఉంటుంది. పెడల్ కదిలిన వెంటనే దీపం వెలుగుతుంది. మా బండిలో అలా కాదు. బ్రేకు ఆయిల్ గొట్టాలు చీలే చోట ఒక స్విచ్చిని మరతో బిగించి ఉంచారు. పెడల్ నొక్కినప్పుడు ఆయిల్‌లో పుట్టే ఒత్తిడి లోపలి పొరను తోస్తే, ఆ పొర రెండు మొనలను కలుపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మొనలు కాలి నల్లబడతాయి, పొర బిగుసుకుపోతుంది. అప్పుడు అది కలవడానికి మరింత ఒత్తిడి కావాలి. నడిపేవాడు రద్దీలో బండిని మెల్లగా నిలుపుకునేటప్పుడు బ్రేకు పని చేస్తూనే ఉంటుంది గాని, వెనక వచ్చేవాడికి ఆ సంగతి తెలియదు. వారధి మీద జరిగినదానిలో సగం ఇదే.

దీన్ని పరీక్షించడం సులభం. స్విచ్చి మీది రెండు వైర్లూ ఊడదీసి ఒక చిన్న వైరు ముక్కతో వాటిని కలిపితే పెడల్ ముట్టకుండానే దీపాలు వెలిగాయి. అంటే వైర్లు రెండూ బతికే ఉన్నాయి, మధ్యనున్న స్విచ్చిదే లోపం. మార్చడమే జాగ్రత్తగా చేయవలసిన పని. అది బ్రేకు ఆయిల్‌ను మూసి ఉంచే బిరడా కూడా కనుక దాన్ని తీయగానే ఆయిల్ కారుతుంది, గాలి లోపలికి వెళుతుంది. కొత్త స్విచ్చి చేతిలో సిద్ధంగా పట్టుకుని, పాతది తీసిన మరుక్షణమే రంధ్రాన్ని వేలితో మూసి, కొత్తది చేత్తోనే తిప్పి, చివర పానాతో బిగించాను. అయినా నాలుగు చుక్కలు చక్రం అంచు మీద పడ్డాయి. బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుంది కనుక వెంటనే నీళ్లతో కడిగాను. ఆ తరువాత పక్కింటి కుర్రవాడిని పెడల్ మీద కూర్చోబెట్టి, పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరాన ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి నాలుగు చక్రాల బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీశాము. తేమ పీల్చిన పాత ఆయిల్ టీ డికాక్షన్ రంగులో బయటికి వచ్చింది. అది పోయి తేటగా వచ్చేదాకా పోసి తీస్తూనే ఉన్నాము. ఎవరైనా ఈ స్విచ్చి మార్చి గాలి తీయకుండా బండి నడపదలిస్తే నేను చేతులు పట్టుకుని ఆపుతాను. దీపం కోసం బ్రేకునే పోగొట్టుకున్నట్లవుతుంది.

ఇప్పుడు పెడల్ మెల్లగా ఆనించినా దీపాలు వెలుగుతున్నాయి. కాని ఎడమది అదే నిప్పుకణిక. ఇక్కడే పెద్దాయన మాట ప్రకారం వెళ్లే దారి పట్టాను. అయితే అంతకుముందు ఒక పని చేయవలసి వచ్చింది. దుకాణంలో పెట్టిన ఎల్‌ఈడీలు తీసేసి నాలుగు చోట్లా పాత 21 వాట్ల బల్బులే మళ్లీ పెట్టాను. పెట్టిన వెంటనే మాయమైన ఆనవాలు తిరిగివచ్చింది. బ్రేకు నొక్కితే ముందు ఎడమ ఇండికేటర్ మళ్లీ మసగ్గా వెలిగింది. నాకు ఎంతో ఊరట కలిగింది.

దాని అర్థం ఇది. మా బండిలో బ్యాటరీ రుణ ధ్రువం బాడీకి కలిపి ఉంది. కనుక ప్రతి దీపానికీ వైరు ద్వారా వచ్చిన కరెంటు, హోల్డరు గుల్ల నుంచి నల్లవైరు మీదుగా బాడీలోకి, బాడీ నుంచి బ్యాటరీలోకి వెళ్లాలి. ఎడమ వెనక దీపం గూడులో బ్రేకు, పార్కింగు, ఇండికేటర్ మూడింటికీ కలిపి ఎర్తు ఒక్కటే. ఆ ఒక్కటీ మూసుకుపోతే ఏమవుతుందో కృష్ణా కాలువల కింద వ్యవసాయం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మురుగు కాలువ పూడిపోతే చేలోకి పెట్టిన నీరు చేలోనే నిలిచిపోదు, గట్టు ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ పక్క చేలోకి దిగి, వాళ్ల బోదెలో ఎదురు నడిచి, ఎక్కడో మరో మురుగులో కలుస్తుంది. బ్రేకు బల్బు లోపల వెలిగే తీగ గుండా వచ్చిన కరెంటుకు నల్లవైరు దారి ఇవ్వకపోతే, అది అదే గుల్లలో ఉన్న ఇండికేటర్ బల్బు తీగలోకి వెనక నుంచి దూరి, ఆకుపచ్చ మీద ఎర్రచార వైరులో ఎదురు ప్రయాణం చేసి, బండి ముందున్న ఎడమ ఇండికేటర్ బల్బును చేరి, అక్కడి మంచి ఎర్తు గుండా బాడీలోకి వెళ్లింది. మా అమ్మాయి చూసిన ఆ మసక వెలుగు ఆ ప్రయాణంలోనిదే. పార్కింగు తీగ గుండా కూడా అలాగే ఎదురెక్కుతుంది. అందుకే పార్కింగు దీపాలు వేసి ఉండగా బ్రేకు నొక్కితే ఎడమది ఇంకా నీరసించింది. రెండు వైపుల నుంచి వచ్చిన కరెంటూ మూసిన తలుపు దగ్గర ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటున్నాయన్నమాట. ఎల్‌ఈడీలో కరెంటు ఒక్క దిశలోనే పారుతుంది. అందువల్ల అవి ఉన్నన్నాళ్లూ ఈ ఎదురు ప్రయాణానికి దారి లేక ముందు వెలుగు ఆగింది, పూడిక మాత్రం ఉన్నచోటే ఉంది.

అనుమానం కొలతగా మారాలి కదా. బ్యాటరీ రుణ ధ్రువం నుంచి ఒక పొడుగాటి వైరును బండి పక్కనుంచి డిక్కీ దాకా లాగి మీటరు ఒక మొనకు కట్టాను. బ్రేకు వేసి పట్టి ఉండగా రెండో మొనను ఎడమ హోల్డరులోని కరెంటు వచ్చే చోట ఆనిస్తే 11.7 వోల్టులు చూపింది. వచ్చే దారి నిక్షేపంగా ఉంది. అదే మొనను హోల్డరు గుల్లకు ఆనిస్తే సున్నాకు దగ్గరగా ఉండవలసినది 5.6 వోల్టులు చూపింది. అంటే బల్బుకు మిగిలినది 6.1 వోల్టులే. తీగ బల్బులో వోల్టేజీ సగానికి తగ్గితే వెలుగు సగానికి తగ్గి ఆగదు, దాదాపు పదో వంతుకు పడిపోతుంది. నా నిప్పుకణికకు లెక్క సరిపోయింది. పెద్దాయన ఇచ్చిన పరీక్షా దీపం ఒక క్లిప్పును ధన ధ్రువానికీ రెండోదాన్ని ఆ గుల్లకూ తగిలిస్తే అది కూడా అంతే దీనంగా వెలిగి, లెక్కతో పని లేకుండానే సాక్ష్యం చెప్పింది.

డిక్కీ పట్టా లేపాను. ఎప్పుడో ఒక మరమ్మతులో ఎడమ దీపం ఎర్తును అసలు చోటు నుంచి తప్పించి డిక్కీ అడుగు రేకుకు ఒక స్క్రూతో బిగించారు. దాని చుట్టూ అరచేతి మందాన ఎండిన బుడమేటి ఒండ్రు. స్క్రూ డ్రైవరు పెట్టగానే స్క్రూ తల ఊడి చేతికి వచ్చింది. కింద వైరు కొనకు ఉన్న రింగు సగం పచ్చని చిలుము, సగం ఎర్రని తుప్పు. ఒండ్రు గీకి, కడిగి, ఆరబెట్టి, కొత్త చోటును ఎత్తులో ఎంచుకున్నాను. రెక్క లోపలి రేకు మీద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితం పెట్టాను. హోల్డరు నుంచి కొత్త నల్లవైరు లాగి, రింగుకు టంకం వేసి, పళ్ల వాషరుతో నట్టూ బోల్టూ బిగించి, పైన వాజలీన్ పూశాను. బిగించాక పూయాలి, ముందు కాదు. ఆ తరువాత గుల్ల మీద మీటరు 0.1 వోల్టు చూపింది. అమ్మాయి వెనక నుంచి ఏమీ అనలేదు, గోడ మీద పడ్డ ఎర్రని వెలుగు అద్దంలో నాకే కనిపించింది. ముందు ఇండికేటర్ చీకటిగా ఉండిపోయింది. అదీ నాకు కావలసినది.

కుడి దీపం మీద అప్పటిదాకా ఎవరి దృష్టీ పడలేదు, వెలుగుతోంది కదా అని. బ్రేకు, పార్కింగు రెండింటికీ కలిపి ఉండే బల్బులో రెండు తీగలు ఉంటాయి. బ్రేకుది 21 వాట్లు, పార్కింగుది 5 వాట్లు. బల్బు తిరగబడి ఎక్కకుండా దాని రెండు చెవులను ఎత్తు తేడాతో పెడతారు. హోల్డరు అరిగి, బల్బు నాసిరకందైతే బలవంతంగా తిప్పినప్పుడు అది తలకిందుగా కూడా కూర్చుంటుంది. మాది అలాగే కూర్చుని ఉంది. పార్కింగు వేస్తే 21 వాట్లు, బ్రేకు వేస్తే 5 వాట్లు. రాత్రి పార్కింగు దీపాలు వేసుకుని పోతున్నప్పుడు పెద్ద తీగ ఎలాగూ వెలుగుతూనే ఉంది, బ్రేకు నొక్కితే దానికి మరో 5 వాట్లు కలిసినా కంటికి ఆనదు. ఎడమది నీరసించింది, కుడిదానిలో మార్పు కనబడలేదు, మధ్యలో ఎడమ ఇండికేటర్ మసగ్గా వెలిగింది. ఆ ఆటో డ్రైవరు చూసినది చూసినట్లే చెప్పాడు. అతను ఏ సిగ్నలును నమ్మి కుడికి తిప్పాడో ఆలోచిస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. కుడి హోల్డరు కొత్తది వేసి, మంచి బల్బు పెట్టి, చెవులు సరిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూశాను.

ఇండికేటర్లకు వచ్చేసరికి మిగిలిన పని తక్కువే. పాతకాలపు ఫ్లాషర్‌లో కరెంటు పారినప్పుడు వేడెక్కి వంగే లోహపు పట్టీ ఉంటుంది. వేడెక్కితే దారి తెంచుతుంది, చల్లారితే కలుపుతుంది. ముందూ వెనకా రెండు 21 వాట్ల బల్బులు, అంటే 42 వాట్లు, సుమారు 3.5 ఆంపియర్లు పారతాయన్న లెక్కతోనే దాన్ని తయారుచేశారు. ఎర్తు మూసుకుపోయి కరెంటు తగ్గినప్పుడు పట్టీ ఆలస్యంగా వేడెక్కింది, అందుకే ఎడమది నీరసంగా కొట్టుకుంది. ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు కరెంటు ఇంకా తగ్గి పట్టీ వంగడమే మానేసింది. ఎల్‌ఈడీలకు తగిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లు దొరుకుతాయి, అవి పెట్టుకునేవారిని నేను తప్పుపట్టను. నాకు మాత్రం ఈ బండిలో ఒక బల్బు పోతే ఫ్లాషర్ లయ మారి తాను చెప్పే ఆ పాత ఏర్పాటే మేలనిపించింది. బల్బులు సరైనవి పెట్టి, ఎర్తు బాగుచేశాక, దుకాణంలో వేసిన ఆ కొత్త ఫ్లాషరే చక్కగా పనిచేసింది. ఇండికేటర్ నిమిషానికి 60కి తక్కువ కాకుండా 120కి మించకుండా కొట్టుకోవాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. వాచీ పెట్టి లెక్కిస్తే కుడిది పావు నిమిషంలో 21 సార్లు, అంటే నిమిషానికి 84 సార్లు కొట్టుకుంది. ఎడమది కూడా 20కి వచ్చింది.

మార్చి మొదటి వారంలో బండిని ఆటోనగర్ తీసుకెళ్లి పెద్దాయనకు చూపించాను. ఆయన బల్బుల వంక చూడలేదు. డిక్కీ తెరిచి, కొత్త ఎర్తు రింగును వేలితో కదిపి చూసి, కదలకపోవడంతో తల ఊపాడు. తరువాత ముందు ఎడమ ఇండికేటర్ అద్దం మీద అరచేత్తో ఒక్కటి తట్టాడు. అది ఆరిపోయింది. మళ్లీ తట్టాడు, వెలిగింది. "హోల్డరులో స్ప్రింగు చచ్చిపోయింది మాస్టారూ. ఇన్నాళ్లూ ఎదురు కరెంటు మోసింది కూడా అదే. కూర్చోండి, మారుద్దాం" అంటూ స్టూలు నా వైపు జరిపాడు. నేను కూర్చోలేదు, పక్కనే నిలబడి హోల్డరు పట్టుకున్నాను.